రౌడ్‌నెస్ రక్తం

బెర్గెన్,
1971 మార్చి మొదటివారం

ప్రియమైన తమ్ముడు హల్వర్‌కి,

నీ గొర్రెల సంగతి, చేపల సంగతి తర్వాత అడుగుతాను. ముందు నా సంగతి విను. నాకు నెల తప్పింది. నవ్వకు. ముప్పై ఆరేళ్ళ వయసులో, ఇక పిల్లలు లేరనుకుని తొట్టి ఉయ్యాల ఆడపడుచుకి ఇచ్చేశాక, ఇప్పుడు. మీ బావ ఆంటోన్ నన్ను ఒక్క గిన్నె కడగనివ్వడం లేదు. ఓడరేవులో ఇనప గొలుసులు లాగే మనిషి, వంటింట్లో గరిట పట్టుకుని తిరుగుతుంటే చూడాలి నువ్వు. మా అత్తగారు అప్పుడే ఊలు కొనేసింది.

ఇది ఎగిరి గంతులేస్తూ రాయాల్సిన ఉత్తరం. కాని నాకు భయంగా ఉందిరా. కూర్చుంటే భయం, పడుకుంటే భయం.

నేను ఆసుపత్రిలో దుప్పట్లు మార్చే పని చేస్తున్నాను కదా. పై అంతస్తు వార్డులోకి ఓస్లాగ్ మామ్మ అని ఒకావిడ వచ్చింది. మన ఫియోర్డ్ ఒడ్డు మనిషే. రౌడ్‌నెస్ పెద్దింటి ఆడపడుచు. చిన్నప్పుడు చర్చిలో ముందు బల్ల మీద కూర్చునేది, వెండి గుండీల చొక్కాతో. గుర్తుందా? ఇప్పుడు ఆవిడ ఒంట్లో ఏదీ ఒకచోట నిలవడం లేదు. చేతులు, భుజాలు, నాలుక, అన్నీ వాటి ఇష్టం వచ్చినట్టు ఎగిరెగిరి పడుతుంటాయి. మంచానికి తగిలి ఎముకలు విరగకుండా చుట్టూ దిళ్ళు కట్టారు. మనుషుల్ని మాత్రం బాగా గుర్తుపడుతుంది. నన్ను చూసి, ఎవరి పిల్లవని అడిగింది. రౌడ్‌నెస్ లార్స్ కూతురినని చెప్పాను. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది ఆవిడకి.

"అయితే నువ్వూ మా రక్తమేనే తల్లీ," అంది.

అదే, ఆ ఇంటివాళ్ళదని ఊళ్ళో గుసగుసలాడే ఆ కుదుపు రోగం. చిన్నప్పుడు రౌడ్‌నెస్ పెద్దింటి ముందునుంచి వెళ్ళేటప్పుడు అమ్మ మన చేతులు పట్టుకుని గబగబా ఎందుకు నడిపించేదో ఇప్పుడు తెలిసింది. డాక్టర్ని అడిగాను. నడివయసు వచ్చేదాకా అది ఒంట్లో నక్కి ఉంటుందట. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఎవరికి వస్తుందో ఎవరికి రాదో చెప్పలేరట, బొమ్మా బొరుసూ అన్నాడు. వచ్చాక మందు లేదు. ముందుగా తెలుసుకునే పరీక్షా లేదు.

నాన్న ముప్పై మూడేళ్ళకే సముద్రంలో పోయాడు. తాత మోన్స్ కూడా నలభై దాటకుండానే పడవతో సహా పోయాడు. మన ఇంట్లో మగవాళ్ళ ఒంట్లో ఏముందో బయటపడేదాకా ఒక్కరూ బతకలేదు. ఇన్నాళ్ళూ అది మన దురదృష్టం అనుకున్నాను. ఇప్పుడు అది ఏం దాచిపెట్టిందోనని వణుకు పుడుతోంది.

డాక్టర్ ఇంకో మాట అన్నాడు. నిజంగా మనది ఆ రక్తమే అయితే, ఇద్దరు డాక్టర్ల ముందు చెప్పుకుంటే గర్భం తీయించుకోవడానికి ఒప్పుకుంటారట. కాని నెలలు పెరగకముందే, ఈస్టర్ లోపలే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలట. ఆంటోన్‌కి ఈ ముక్క చెప్పలేదు. ఎలా చెప్పను? పాట పాడుకుంటూ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు.

హల్వర్, నువ్వు అక్కడే ఉన్నావు. ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు. మనం రౌడ్‌నెస్ వాళ్ళం ఎలా అయ్యామో కనుక్కో. మన ముత్తాత అముండ్ పెద్దింటి కొడుకా, కాడా? నాకు అది తెలిస్తే చాలు. నీకు పుణ్యముంటుంది, ఆలస్యం చెయ్యకు.

నీ మీదే ఆశ పెట్టుకున్న
అక్క గుద్రున్


రౌడ్‌నెస్ ఒడ్డు,
మార్చి నడుమ

ప్రియమైన అక్కా,

మా అక్క తల్లి కాబోతోందని ఊరంతా చాటుదామనుకున్నాను. కాని ఈ వానలో వినడానికి గొర్రెలు తప్ప ఎవరూ బయట లేరు. వాటికే చెప్పాను. పెద్దగా పట్టించుకోలేదు. పుట్టేవాడికి బావ భుజాలు రావాలి, నీ ముక్కు రాకూడదు. నా జుట్టు అసలే రాకూడదు, ఉన్నది నాకే చాలడం లేదు.

సరే, నువ్వు అడిగిన పని. మొదట పాస్టర్‌గారిని అడిగాను. కొత్తాయన, పాపం, కొండలకి పేర్లు కూడా తెలియవు. పాత పుస్తకాలన్నీ ఎప్పుడో నగరానికి పంపేశారన్నాడు. రౌడ్‌నెస్ పెద్దింటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టి, వాతావరణం గురించి మాట్లాడి పంపించేశారు. ఆ ఇంట్లో ఎవరికీ ఏ రోగమూ లేదట. వాళ్ళ పెద్దాయనకి నరాల బలహీనతట, ఆయన తమ్ముడికి జారిపడ్డ దెబ్బట, ఓస్లాగ్ మామ్మ నగరానికి చుట్టపుచూపుగా వెళ్ళిందట. ఆ ఇంటి తలుపులకంటే నోళ్ళకే గట్టి గడియలున్నాయి.

చివరికి వృద్ధాశ్రమంలో ఉన్న మార్తా మామ్మ దగ్గరికి వెళ్ళాను. మంత్రసాని కూతురు కదా, ఈ ఒడ్డున ఎవరు ఎవరికి ఏమవుతారో అంతా ఆవిడ నాలుక మీదే ఉంటుంది. ఆవిడకి ఇష్టమని గోధుమరంగు మేక చీజు ముక్క, కాఫీ పొడి పట్టుకెళ్ళాను. పళ్ళు లేవు కాని నోరు మాత్రం అలాగే ఉంది. నన్ను చూడగానే, నీకింకా పెళ్ళి కాలేదా, ఊళ్ళో ఆడపిల్లలకి అంత తెలివి ఎప్పుడొచ్చింది అని అడిగింది.

అక్కా, ఇప్పుడు కూర్చుని చదువు. మన ముత్తాత అముండ్ రౌడ్‌నెస్‌లో పుట్టలేదు. కొండ అవతలినుంచి, భుజాన చెక్కపెట్టె ఒకటి వేసుకుని, పని వెతుక్కుంటూ వచ్చాడట. పెద్దింట్లో పాలేరుగా కుదిరాడు. వాళ్ళ నేలలో, ఒడ్డున గుడిసె వేసుకున్నాడు. ఆ నేల మీద ఉన్నాడు కాబట్టి ఆ నేల పేరు వచ్చింది. మన దగ్గర ఇంటిపేరు రక్తాన్నిబట్టి రాదు కదా, మనిషి ఏ నేల మీద పడుకుంటే ఆ పేరే.

"రేపు నువ్వు పందుల దొడ్లో పడుకోరా, పందులదొడ్డి హల్వర్ అంటారు. అంతమాత్రాన పందివైపోతావా?" అంది మార్తా మామ్మ.

కాబట్టి మనం ఆ రక్తం కాదు. ఓస్లాగ్ మామ్మ పేరు చూసి పొరబడింది. మీ అత్తగారిని మేజోళ్ళు అల్లడం మొదలుపెట్టమను. నువ్వు పాలు తాగు, బావని తిట్టు, పడుకో.

నీ తమ్ముడు,
పందుల దొడ్డికి ఇంకా మారని
హల్వర్


బెర్గెన్,
మార్చి చివర

నా బంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడే చదివాను. చదివి అక్కడే కూలబడి ఏడ్చాను. కింది ఇంటావిడ ఎవరైనా పోయారేమోనని పరుగెత్తుకొచ్చింది. పోలేదమ్మా, పుడుతున్నారు అన్నాను. నాకు మతిపోయిందనుకుని ఉంటుంది.

ఆ సాయంత్రం ఆంటోన్‌కి అంతా చెప్పేశాను, భయమూ, అది తీరిపోవడమూ రెండూ. చేతిలో గరిట కింద పెట్టేశాడు. ఆ తర్వాత, ఒక్కదానివే ఎందుకు మోశావని కోప్పడ్డాడు. ఆ కోపం కూడా నాకు తీపిగానే ఉంది. ఆ వారమంతా గాల్లో తేలినట్టుంది నాకు. రోజూ నీ ఉత్తరం తీసి ఆ చెక్కపెట్టె సంగతి ఉన్నచోట మళ్ళీ చదివేదాన్ని. మన ముత్తాత కొండ దిగి వస్తున్నట్టు కళ్ళకి కట్టేది. మహానుభావుడు, పరాయివాడిగా పుట్టి మనల్ని కాపాడాడు అనుకున్నాను.

కాని ఆదివారం మా అత్తగారు అల్లుకుంటూ అల్లుకుంటూ, బిడ్డకి తనలా ఎర్ర జుట్టు వస్తుందో లేదో అంది. తన పుట్టింట్లో అందరిదీ ఎర్ర జుట్టేనట, ఆంటోన్‌కీ తనవల్లే వచ్చిందట. అంతే. అప్పుడు తట్టింది నాకు. తమ్ముడూ, మనం తండ్రులనే పట్టుకుని పైకి వెళ్ళాం. లార్స్, మోన్స్, అముండ్. మరి ఆ అముండ్ పక్కన ఉన్న ఆడమనిషి ఎవరు?

నాకు ఇంకోటి కూడా తట్టింది. నువ్వు ఇప్పటికీ పడవ కట్టుకునే ఆ ఒడ్డు స్థలం మనదే కదా. తాత కాలంనుంచీ మనదే. పెద్దింటివాళ్ళు చచ్చిన గొర్రె తోలు కూడా ఊరికే ఇవ్వరు. కొండ అవతలినుంచి వచ్చిన పాలేరుకి సముద్రపు ఒడ్డున అంత మంచి జాగా ఎందుకిచ్చారు?

బహుశా ఏమీ లేదేమో. కడుపుతో ఉన్నదాని పిచ్చి ఆలోచనలని తీసిపారెయ్యి. కాని మార్తా మామ్మని మళ్ళీ వెళ్ళి అడుగు. అముండ్ పెళ్ళాం పేరేమిటి, ఎవరింటి పిల్ల. అదొక్కటే చాలు. ఎందుకైనా మంచిదని ఆ ఇద్దరు డాక్టర్ల దగ్గర ఈస్టర్ ముందు మంగళవారానికి పేరు రాయించుకున్నాను. ఆంటోన్‌కి తెలియదు. ఆ రోజు దాటితే ఇక దారి లేదు. నాకు నిజం కావాలి హల్వర్. అది ఎలాంటిదైనా సరే.

ఉత్తరాల పడవ కోసం ఎదురుచూస్తూ ఉండే
నీ గుద్రున్


రౌడ్‌నెస్ ఒడ్డు,
మట్టల ఆదివారం ముందు, ఈస్టర్‌కి వారం పైన ఉండగా

ప్రియమైన అక్కా,

పడవ వెళ్ళిపోయేలోగా రాస్తున్నాను, అందుకే నాలుగు ముక్కలే. మార్తా మామ్మని అడిగాను. ముత్తవ్వ పేరు సున్నివా. దక్షిణాన దీవుల్లోంచి హెర్రింగ్ చేపలు శుభ్రం చేసే పనికి వచ్చిన పిల్ల. నావాళ్ళు అనేవాళ్ళెవరూ లేరు. అముండ్ లాగే పరాయిది. పెద్దింటితో ఏ సంబంధమూ లేదు.

స్థలం సంగతి అంటావా, అముండ్ మంచి పనివాడు, మెచ్చి ఇచ్చారు. అంతే. అన్నిటికీ లోతులు వెతక్కు.

ఆ డాక్టర్ల దగ్గరికి వెళ్ళకు. నా మాట విను. బిడ్డని కను.

ఈస్టర్‌కి రాలేను. గొర్రెలు ఈనే కాలం. బావని అడిగానని చెప్పు.

హల్వర్


రౌడ్‌నెస్ ఒడ్డు,
జూలై

ప్రియమైన గుద్రున్ అక్కకి,

ఏప్రిల్ నుంచి నువ్వు నాకు ఉత్తరం రాయలేదు, బిడ్డని ఉంచుకున్నానని మాత్రం రాసి ఉన్ని మేజోళ్ళ పొట్లంలో పెట్టిన ఆ చిన్న చీటీ తప్ప. నేనూ రాయలేదు. ఎన్నోసార్లు మొదలుపెట్టాను. ఈసారి హాస్యాలు లేవు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను, ఆ తర్వాత నన్ను ఏమన్నా పడతాను.

నేను అబద్ధం చెప్పాను. సున్నివా ఏ దీవులనుంచీ రాలేదు. ఆవిడ రౌడ్‌నెస్ పెద్దింటి కూతురు. సొంత కూతురు, ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల.

మార్తా మామ్మ నాకు మొదటిరోజే అంతా చెప్పింది. నేను నీకు సగం రాసి సగం మింగేశాను. నువ్వు ముత్తాత గురించే అడిగావు కాబట్టి అడిగినదానికి జవాబు ఇచ్చానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు. నువ్వు రెండోసారి అడిగినప్పుడు మామ్మ దగ్గరికి వెళ్ళనే లేదు. వంటింట్లో కూర్చుని ఆ హెర్రింగ్ పిల్లని సృష్టించాను.

మార్తా మామ్మ అన్న మాటలు నా చెవుల్లోంచి పోవడం లేదు. "రౌడ్‌నెస్ పిల్లని కోడలిగా చేసుకునే ఇల్లు ఈ ఒడ్డు పొడుగునా ఒక్కటి లేదురా నాయనా. సున్నివా చక్కని చుక్క. అయినా ఒక్కడూ గడప తొక్కలేదు. కొండ అవతలివాడికైతే ఏం తెలుసు? వాడికి కట్టబెట్టారు, ఒడ్డున జాగా ఇచ్చారు. ఊరంతా పెళ్ళికి వెళ్ళి తిని వచ్చింది. ఒక్కరూ వాడి చెవిన వెయ్యలేదు. మా అమ్మ కూడా." అలా అని చీజు ముక్క పక్కన పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు.

సున్నివాకి నలభై దాటాక మొదలైందట. అముండే చూసుకున్నాడట చివరిదాకా. చెంచాతో తినిపించి, ఒడ్డుకి మోసుకెళ్ళి ఎండలో కూర్చోబెట్టేవాడట.

ఎందుకు అబద్ధం చెప్పానని అడుగుతావు. నీ బిడ్డ కోసమని చెప్పుకోవాలని ఉంది. అది నిజం కాదు. అక్కా, పోయిన శీతాకాలంనుంచి నా ఎడమ కాలు నా మాట వినడం లేదు. ప్రార్థన మందిరంలో కూర్చుంటే దానంతటదే తన్నుకుంటుంది. ముందు బల్లమీదివాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. వలముడి వెయ్యబోతే వేళ్ళు ఎగిరిపడతాయి. వసంతంలో పడవ పలకమీదినుంచి నీళ్ళలో పడ్డాను. హల్వర్ మందు మరిగాడని ఊళ్ళో అంటున్నారు. అననిచ్చాను. తాగుబోతు అనిపించుకోవడం నయం అనిపించింది. నీకు రౌడ్‌నెస్ రక్తం అని చెప్పడమంటే నాకు నేను చెప్పుకోవడమే కదా. నా వల్ల కాలేదు. నువ్వు రోజులు లెక్కపెట్టుకుంటుంటే నేను నన్ను కాపాడుకున్నాను.

నీకు దారి ఉన్నప్పుడు మూసేశాను. ఇప్పుడు తెరవలేను. మామ్మకి కూడా ఇదంతా చెప్పాను. ఊరు అముండ్‌కి చేసిందే నువ్వు నీ అక్కకి చేశావురా అంది.

క్షమించమని అడిగే మొహం లేదు. నీకు తెలియాలి కాబట్టి రాశాను.

నీ తమ్ముడు హల్వర్


బెర్గెన్,
జూలై చివర

ప్రియమైన హల్వర్‌కి,

నీ ఉత్తరం అందింది. ఆంటోన్‌కి చదివి వినిపించాను. వాడు అక్కడ ఒక్కడూ ఎలా ఉంటున్నాడు అన్నాడు. అదొక్కటే అన్నాడు. ఇప్పుడు నా మాట విను.

నాకు తెలుసు. నీ హెర్రింగ్ పిల్ల ఉత్తరం రాకముందే తెలుసు.

నిన్ను అడిగాక నీ జవాబుకోసం ఆగలేకపోయాను. ఓస్లాగ్ మామ్మ మంచం పక్కన కూర్చుని, అముండ్ పెళ్ళాం ఎవరని అడిగాను. ఆవిడ చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది, లేకపోతే ఆవిడకి మాట రావడం లేదు. "సున్నివా మా తాత చెల్లెలు. ఎవరూ చేసుకోకపోతే పాలేరుకి ఇచ్చారు," అంది. ఆ తర్వాత తన చేతిని నా చేతిలోంచి తీసుకోవాలని చూసింది, అది నన్ను కొట్టకుండా.

మంగళవారం ఆ డాక్టర్ల దగ్గరికి వెళ్ళాను. ఇద్దరూ మంచివాళ్ళే. అంతా విన్నారు, వెంటనే ఒప్పుకున్నారు. పండగ వెళ్ళగానే వచ్చి చేరమన్నారు. నేనూ సరేనన్నాను. ఒట్టు, మనస్ఫూర్తిగానే అన్నాను. ఓస్లాగ్ మామ్మని చూసినదాన్ని, ఎలా కాదంటాను? ఆంటోన్‌కి ఆ సాయంత్రం చెప్పేద్దామని నడిచి ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గర నీ ఉత్తరం ఉంది.

చదివాను. ప్రతి మాటా అబద్ధమని తెలిసే చదివాను. నువ్వు హాస్యమాడకుండా రాసిన మొదటి ఉత్తరం అది. ఈస్టర్‌కి కూడా రానన్నావంటే, నా కళ్ళ పడకూడనిదేదో నీ ఒంట్లోనూ ఉందని అప్పుడే అర్థమైంది. నీకు నిజం తెలుసని, దాన్ని నా ముందు పెట్టే ధైర్యం లేదని. అయినా మళ్ళీ చదివాను. సున్నివా పరాయిది. పెద్దింటితో ఏ సంబంధమూ లేదు. బిడ్డని కను. ఈ లోకంలో ఒక్క మనిషి నా బిడ్డకి ఏమీ కాదని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. డాక్టర్లు అనలేదు, దేవుడు అనలేదు, నేను నాకు చెప్పుకోలేకపోయాను. నువ్వు అన్నావు.

పండగ వెళ్ళాక ఆసుపత్రికి వెళ్ళలేదు. నీ మాట నమ్మి మోసపోయి ఉంచుకున్నానని అనుకోకు, ఆ బరువు నీ నెత్తిన వేసుకోకు. తెలిసే ఉంచుకున్నాను. మంచి పని చేశానో చెడ్డ పని చేశానో నాకు తెలియదు. ఒక పూట తప్పనిపిస్తుంది, ఒక పూట కాదనిపిస్తుంది. ఆంటోన్‌కి మొదట ఓస్లాగ్ మామ్మ చెప్పింది చెప్పాను, తర్వాత నీ ఉత్తరం చూపించాను. అతను నీ ఉత్తరాన్నే నమ్ముదామన్నాడు. ఇద్దరం పెద్దవాళ్ళం, బుద్ధి తెలిసినవాళ్ళం, అలా అనుకున్నాం. నీకు ఉత్తరం రాయలేదెందుకంటావా, రాస్తే నువ్వు నిజం చెప్పేస్తావని.

బిడ్డ ఇప్పుడు బాగా కదులుతోంది. తన్నినప్పుడల్లా మా అత్తగారు చెయ్యి పెట్టి చూసి మురిసిపోతుంది. నేను ఊపిరి బిగబట్టి, అది మళ్ళీ ఆగేదాకా లెక్కపెట్టుకుంటాను. ఏ తల్లీ బిడ్డ కదలకూడదని కోరుకోదు. నేను కోరుకుంటున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకే చెప్తున్నాను, ఎందుకంటే నువ్వూ నీ కాలు వంక అలాగే చూసుకుంటూ ఉంటావు.

నాలుగు నెలలు నీ అబద్ధం తిని బతికానురా తమ్ముడూ. పొద్దున లేవగానే దాన్ని చదువుకుని పనికి వెళ్ళేదాన్ని. అదొక్కటే ఉండేది నాకు. నిన్న నువ్వు దాన్ని కూడా వెనక్కి తీసేసుకున్నావు. నీకు తప్పలేదని నాకు తెలుసు. కాని ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు.

అందుకని నువ్వే రా. గొర్రెల్ని పెద్దింటివాళ్ళకి అప్పగించు. మనవి మేపినంత మాత్రాన వాళ్ళ సొమ్మేం పోదు, చుట్టాలేగా. నీ కాలు మా ఇంట్లో ఎంత తన్నుకున్నా నిన్ను తాగుబోతు అనేవాళ్ళు లేరు. కాన్పుకి ముందే రా. ఉత్తరాలు వద్దు, మనిషివి రా.

నీ అక్క
గుద్రున్